స్విఫ్ట్‌లో కోడ్‌తో పెట్టిన విండో మెనూలో తెరిచిన విండోల పేర్లు రావడం లేదు

ప్రశ్న:
స్టోరీబోర్డ్, నిబ్ ఫైల్ (తెరలను గీసి దాచుకునే ఫైళ్లు) ఏదీ లేకుండా, మ్యాక్‌లో విండోలు, మెనూలు తయారుచేసే ఆపిల్ లైబ్రరీ యాప్‌కిట్‌తో స్విఫ్ట్‌లో మ్యాక్ అప్లికేషన్ రాస్తున్నాను. మెనూబార్‌లో ‘విండో’ మెనూ వచ్చింది, అందులో మినిమైజ్, జూమ్ ఉన్నాయి. కానీ తెరిచి ఉన్న విండోల పేర్లు కింద కనబడటం లేదు. పైగా కమాండ్-ఎమ్ పనిచేయదు, షిఫ్ట్ కూడా కలిపి నొక్కితేనే మినిమైజ్ అవుతోంది. పేర్ల జాబితా నేనే నింపుకోవాలా?

జవాబు 1:
అక్కర్లేదండీ. ‘విండో’ అని పేరు పెట్టినంత మాత్రాన అది విండో మెనూ అని సిస్టమ్‌కి తెలియదు. మీరు సబ్‌మెనూగా తగిలించిన ఆ ఎన్ఎస్‌మెనూ ఆబ్జెక్ట్‌నే ఎన్ఎస్‌యాప్‌లోని (నడుస్తున్న అప్లికేషన్‌ని సూచించే ఆబ్జెక్ట్) ‘విండోస్‌మెనూ’ ప్రాపర్టీకి కూడా ఇవ్వండి. ఒక్క లైనే. ఆ తర్వాత పేర్లు చేర్చడం, మూసినప్పుడు తీసేయడం, టైటిల్ మారితే మార్చడం అంతా యాప్‌కిట్టే చూసుకుంటుంది. ఈ పనికి యాప్ డెలిగేట్‌లో (యాప్ మొదలవడం వంటి ఘటనలను అందుకునే మీ ఆబ్జెక్ట్) ‘అప్లికేషన్‌విల్‌ఫినిష్‌లాంచింగ్’ మెథడ్ సరైన చోటు.

షార్ట్‌కట్ సంగతికొస్తే, మెనూ ఐటెమ్‌కి షార్ట్‌కట్ అక్షరం ఇచ్చే కీఈక్వివలెంట్‌లో పెద్ద ఎమ్ (M) రాసి ఉంటారు. పెద్దక్షరం ఇస్తే షిఫ్ట్ కూడా కావాలని అర్థం. చిన్న ఎమ్ (m) రాయండి. కమాండ్ ఎలాగూ డిఫాల్ట్‌గా ఉంటుంది.

జవాబు 2:
పైదానికి తోడు ఒక మాట. మినిమైజ్‌కి ‘పెర్ఫార్మ్‌మినియేచరైజ్’, జూమ్‌కి ‘పెర్ఫార్మ్‌జూమ్’, అన్నిటినీ ముందుకు తేవడానికి ‘అరేంజ్‌ఇన్‌ఫ్రంట్’ సెలెక్టర్లు (ఏ మెథడ్ పిలవాలో చెప్పే పేర్లు) వాడండి. మూడింటికీ టార్గెట్ (యాక్షన్ అందుకునే ఆబ్జెక్ట్) నిల్‌గానే, అంటే ఖాళీగానే వదిలేయండి. అప్పుడు యాక్షన్ రెస్పాండర్ చెయిన్ వెంట, అంటే దాన్ని చేయగల ఆబ్జెక్ట్ దొరికేదాకా ఒకదాని తర్వాత ఒకదానికి వెళ్తుంది: మొదటి రెండూ ముందున్న విండోకి, మూడోది ఎన్ఎస్‌యాప్‌కి చేరుతుంది. టార్గెట్‌గా యాప్ డెలిగేట్‌ని పెడితే దానిలో ఆ మెథడ్లు లేవు కాబట్టి ఐటెమ్‌లు బూడిద రంగులో ఉండిపోతాయి. విండోకి ఏ సౌకర్యాలుండాలో చెప్పే స్టైల్‌మాస్క్‌లో ‘మినియేచరైజబుల్’ లేకపోయినా మినిమైజ్ అలాగే బూడిద రంగులో ఉంటుంది. చాలామంది ఇది మర్చిపోయి తప్పు మెనూలో వెతుకుతారు.

ప్రశ్న అడిగినవారు:
జాబితా వచ్చిందండీ, కమాండ్-ఎమ్ కూడా పనిచేస్తోంది. కానీ టూల్స్ ప్యానెల్ పేరు అందులో లేదు, అక్కర్లేని ప్రోగ్రెస్ విండో పేరు మాత్రం ఉంది.

జవాబు 1:
ఎన్ఎస్‌ప్యానెల్‌ని (టూల్స్ వంటి సహాయక విండోలకు వాడే రకం) ఈ జాబితాలోంచి డిఫాల్ట్‌గానే మినహాయిస్తారు, మామూలు ఎన్ఎస్‌విండోని చేరుస్తారు. రెండిటికీ ప్రాపర్టీ ఒకటే, ‘ఈజ్‌ఎక్స్‌క్లూడెడ్‌ఫ్రమ్‌విండోస్‌మెనూ’. ప్యానెల్‌కి ఫాల్స్, ప్రోగ్రెస్ విండోకి ట్రూ పెట్టండి. విండోలను తెరమీదికి తెచ్చే ముందే పెట్టడం మంచిది.