వీసా దరఖాస్తు కేంద్రాలకు కట్టే సర్వీస్ చార్జి న్యాయమేనా?

కొరిటెపాడు వాసి (చర్చ మొదలుపెట్టిన వారు):

ఐరోపాలో చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలను చూసి రావాలనుకొనే తల్లిదండ్రులు గుంటూరులోనూ విజయవాడలోనూ ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తున్నారు. ఐరోపాలోని చాలా దేశాలకు ఒక్కటే చెల్లే షెంగెన్ వీసా కావాలంటే వీరు సాధారణంగా వెళ్లవలసింది రాయబార కార్యాలయానికి కాదు, దాని తరఫున దరఖాస్తులు తీసుకొనే ప్రైవేటు కేంద్రానికి. పెద్దవారి వీసా ఫీజు 2024 జూన్ 11న 80 యూరోల నుంచి 90 యూరోలకు పెరిగింది. కేంద్రం తీసుకొనే సర్వీస్ చార్జి దీనికి అదనం. వీసా ఇవ్వాలా, వద్దా అనే విషయంలో ఆ కేంద్రానికి ఏ అధికారమూ లేదు. వీసా రాకపోతే కట్టిన డబ్బులో పైసా వెనక్కి రాదు. కాన్సులేట్ తన పనిని వేరొకరికి అప్పగించినప్పుడు ఆ ఖర్చు కూడా తానే పెట్టుకోవాలి గానీ దరఖాస్తుదారుల నెత్తిన వేయకూడదన్నది నా వాదన. ఒప్పుకోనివారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

పటమట:

నేను ఒప్పుకోనండి. మన పాస్‌పోర్టు సేవా కేంద్రాన్నే చూడండి. అక్కడ ‘ఎ’ కౌంటర్లో ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకొని, కాగితాలు స్కాన్ చేసేది టీసీఎస్ అనే ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. ‘బి’, ‘సి’ కౌంటర్లలో పరిశీలించి మంజూరు చేసేది ప్రభుత్వ అధికారులు. ఆ ఏర్పాటును మనలో ఎవరూ అన్యాయమనడం లేదు. వీసా కేంద్రం చేసేదీ ఆ ‘ఎ’ కౌంటర్ పనే. ఈ కేంద్రాలు లేకపోతే మన జిల్లాల వారు చెన్నైకో ఢిల్లీకో పోయి కాన్సులేట్ గేటు ముందు పడిగాపులు పడాలి. ఇప్పుడు రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి హైదరాబాదులో దిగి, పని చూసుకొని, ఆ రోజే తిరుగు ప్రయాణం కావచ్చు. అందులో కలిసొచ్చే డబ్బు, తప్పే శ్రమ లెక్క వేసుకుంటే సర్వీస్ చార్జి పెద్ద భారమేమీ కాదు.

కొరిటెపాడు వాసి:

ఆ పోలిక సగం వరకే నిలుస్తుంది. పాస్‌పోర్టుకు మనం ప్రభుత్వానికి ఒకే ఫీజు కడతాం, టీసీఎస్‌కు విడిగా ఏమీ కట్టము. ఇక రెండో సంగతి. 2009 నాటి షెంగెన్ వీసా నియమావళి, కోరినవారు నేరుగా కాన్సులేట్‌లోనే దరఖాస్తు ఇచ్చుకొనే వీలు ఉంచాలని సభ్య దేశాలను ఆదేశించింది. 2019 సవరణ ఆ బాధ్యతను తొలగించింది. ఇష్టమైతే వాడుకొనే సౌకర్యానికి చార్జి తీసుకోవడం వేరు, వేరే దారి లేకుండా చేసి తీసుకోవడం వేరు. ఆరేళ్ల లోపు పిల్లలకు వీసా ఫీజు అసలే లేదు, అయినా వారి పేరున కూడా సర్వీస్ చార్జి తీసుకోవడానికి నియమావళి అడ్డు చెప్పదు. దీన్నేమనాలి?

బ్రాడీపేట నాలుగో లైను:

చార్జి ఉండవచ్చా, ఉండకూడదా అన్న దగ్గరే ఆగిపోతే అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో మనకు కనపడదు. ఆ చార్జికి ఒక హద్దుంది. సాధారణంగా అది వీసా ఫీజులో సగానికి మించకూడదని నియమావళి చెబుతోంది, అంటే ఇప్పటి లెక్కన 45 యూరోలు. ఆ హద్దులోకి రానివి ఎస్ఎంఎస్, జెరాక్సు, ఫొటో, ఫారం నింపి పెట్టడం, ప్రీమియం లాంజ్ వంటి అదనపు సేవలు. ఇవి తీసుకొని తీరాలన్న నిబంధన లేదు, తీసుకున్నందువల్ల వీసా వచ్చే అవకాశం వీసమెత్తు పెరగదు. అయినా వరుసలో నిలబడి కాళ్లు లాగుతున్న పెద్దాయన దగ్గరికి వచ్చి, “లాంజ్ తీసుకుంటే త్వరగా అయిపోతుంది సార్” అని ఒక కుర్రవాడు అన్నప్పుడు, ఆ త్వరగా అయ్యేది కాగితాలు ఇచ్చే పని మాత్రమేనని, వీసా కాదని ఆయనకు ఎవరు చెబుతారు?

డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది కౌంటర్ దగ్గర చూపించే లేని అధికారం. మా అమ్మ సొంత చేలో దశాబ్దాల పాటు మిరపకాయలు కోసిన మనిషి. యంత్రం మీద ఎడమ చేతి నాలుగు వేళ్లూ పెడితే చిటికెన వేలు ఒక్కటే పడింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి తడి టిష్యూ ఇచ్చి తుడిపించింది, తర్వాత అమ్మ వేళ్ల మీద తన వేళ్లు ఉంచి గట్టిగా నొక్కింది. అప్పటికీ తెర మీద రెండు గళ్లు ఎర్రగానే ఉండిపోయాయి. “పదీ పడకపోతే ఫైలు వెళ్లదు, మళ్లీ స్లాట్ తీసుకోండి” అని తేల్చేసింది. పది వేళ్లూ పడనివారి దగ్గర పడినన్ని తీసుకోవాలని, ముద్రలు ఇవ్వడం శారీరకంగా అసాధ్యమైతే మినహాయించాలని నియమావళిలోనే ఉంది. ఆ మాట అడిగిన తర్వాత సూపర్‌వైజర్ వచ్చి, ఒక రిమార్కు రాసి ఫైలు తీసుకున్నారు.

అదే రోజు మా ముందున్న రైతు దంపతులను ఐటీ రిటర్నులు లేవని వెనక్కి పంపబోయారు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్నే లేదు. మరే ఆదాయమూ లేని రైతు రిటర్ను ఎక్కడి నుంచి తెస్తాడు? పట్టాదారు పాస్ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్, పిల్లలు పంపిన ఆహ్వాన పత్రం వారి చేతిలో ఉన్నాయి. ఫారం, పాస్‌పోర్టు, ఫొటో, వేలిముద్రలు, ఫీజు సరిగా ఉంటే దరఖాస్తు స్వీకారయోగ్యమే. మిగతా కాగితాలు చాలతాయా, లేదా అన్నది కాన్సులేట్ తేల్చుకోవలసిన విషయం. ఫలానా కాగితం లేదని చెక్‌లిస్టులో రాసి సంతకం తీసుకోవడం వరకే కౌంటర్ పని.

బెంజి సర్కిల్:

నేను ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి నా మాటలో స్వార్థం వెతికేవారు వెతుక్కోవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకొనే వీలుంది, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మన వాళ్లు వేసవి సెలవులు దగ్గర పడ్డాక, టిక్కెట్లు కొనుక్కొని మరీ వస్తారు. మామూలుగా 15 రోజుల్లో తేలే నిర్ణయం 45 రోజుల దాకా పోవచ్చని చెబితే మా మీద విసుక్కుంటారు. అటువంటి తొందరలో లాంజ్ కొన్నవారు తర్వాత కేంద్రాన్ని తిట్టడం నాకు సబబుగా తోచదు. వేలిముద్రల విషయంలో మాత్రం బ్రాడీపేట వారితో ఏకీభవిస్తున్నాను. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల వరకు మళ్లీ వాడుకోవచ్చు, కాబట్టి పెద్దవారి పాత వీసా ప్రతిని దరఖాస్తుతో జత చేయడం మంచిది.

కొరిటెపాడు వాసి:

సమాచార భద్రత ప్రసక్తి ఇంతవరకు ఎవరూ తేలేదు. బ్రిటన్ వీసాల కోసం, ఇలాంటి కేంద్రాలు నడిపే వీఎఫ్ఎస్ అనే కంపెనీ నడిపిన ఆన్‌లైన్ దరఖాస్తు వ్యవస్థలో ఒకరి వివరాలు మరొకరికి కనిపించే లోపం ఉందని 2007లో బయటపడింది. బ్రిటన్ ప్రభుత్వం స్వతంత్ర విచారణ జరిపించవలసి వచ్చింది, ఆ లోపం బారిన పడినవారిలో భారతీయ దరఖాస్తుదారులూ ఉన్నారు. మన బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరి చేతుల మీదుగా పోతున్నాయో అడిగే హక్కు చార్జి కట్టిన మనకు ఉండాలి కదా.

పటమట:

ఉండాలి, కాదనను. అయితే వ్యవస్థ కూడా మారుతోంది. షెంగెన్ దరఖాస్తులను ఒకే ఆన్‌లైన్ వేదికలో స్వీకరించడానికి ఐరోపా సమాఖ్య 2023 నవంబరులో చట్టం చేసింది. అది అమలులోకి వస్తే కాగితాలు, ఫీజు ఇంటి నుంచే ఇవ్వవచ్చు. వేలిముద్రలు మొదటిసారి ఇచ్చేవారు మాత్రం మనిషిగా వెళ్లక తప్పదు. అప్పుడు ఈ చార్జి తగ్గించమని అడగడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. ఇప్పుడే పూర్తిగా ఎత్తివేయమంటే వినేవారుండరు.

బ్రాడీపేట నాలుగో లైను:

ఆ రోజు వచ్చేదాకా ఆగనక్కరలేదు. కాన్సులేట్ సిబ్బంది మీదనే కాక, కేంద్రం సిబ్బంది మీద కూడా ఫిర్యాదు చేసుకొనే పద్ధతి ఉండాలని, వచ్చిన ఫిర్యాదులను నమోదు చేసి ఉంచాలని నియమావళి సభ్య దేశాలకు చెబుతోంది. కాబట్టి ఫిర్యాదును కేంద్రంలోని సలహాల పుస్తకంలో రాసి వదిలేయకుండా, అపాయింట్‌మెంట్ పత్రం, చెల్లింపు రసీదులు జత చేసి నేరుగా కాన్సులేట్‌కు ఈమెయిల్‌లో పంపండి. అదనపు సేవలకు కట్టిన మొత్తాన్ని అందులో వేరే పంక్తిలో చూపండి. అమ్మ వేలిముద్రల విషయంలో నేను పంపిన లేఖ ప్రతి నా దగ్గర ఉంది. అడిగినవారికి వ్యక్తిగత వివరాలు తీసేసి ఇక్కడే పెడతాను.