1.6 మియాటా: ఇన్‌టేక్ వెనక ఊడి వేలాడుతున్న గొట్టం ఎక్కడిది?

చక్రి_91
1991 మాజ్డా మియాటా కారు, 1.6 లీటర్ల ఇంజిను. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టాల సముదాయం) వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు సన్నటి నల్ల రబ్బరు గొట్టం ఊడి వేలాడుతోంది. లోపలి వ్యాసం 5 మి.మీ. చిల్లర. రెండో చివర కిందికి పోతోంది, కనిపించట్లేదు. ఐడిలింగ్ నిలకడగా లేదు. స్క్రూ పెట్టి మూసేయొచ్చా?

నల్లగొట్టం
అప్పుడే మూయకండి. గొట్టాల్లో మూడు రకాలుంటాయి: గాలి పీల్చేవి, ఊపిరి వదిలేవి, నీళ్లు కార్చేవి. మొదటి రకాన్ని కాసేపు మూసినా పరీక్షకు పనికొస్తుంది. రెండో రకం మూస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. గేర్‌బాక్స్ బ్రీదర్ (లోపలి గాలి వదిలే రంధ్రం) మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీళ్ల దగ్గర ఆయిల్ చెమర్చుతుంది. క్యానిస్టర్‌కి (ట్యాంకు పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) బయటి గాలి అందే దారి మూస్తే ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమంటుంది.

ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా గొట్టం చివర వేలు పెట్టండి. ఫ్యాన్, బెల్టుల దగ్గరికి చెయ్యి పోనివ్వద్దు.

చక్రి_91
పీల్చట్లేదు. వాసన చూస్తే కొద్దిగా పెట్రోలు. తడి లేదు.

స్పానర్12
గొట్టం పీల్చట్లేదంటే, పీల్చే నిపుల్ (గొట్టం ఎక్కించే చిన్న మొన) ఎక్కడో బోసిగా ఉండాలి. టార్చి, చిన్న అద్దం తీసుకుని దానికోసం చూడండి. ఈ మధ్యే ఊడినదైతే నిపుల్ మీద సెంటీమీటరు మేర శుభ్రంగా మెరుస్తుంది, దాని వెనకంతా దుమ్ము, జిడ్డు. చుట్టూ మట్టి సమానంగా పట్టి ఉంటే అది ఎప్పుడో వదిలేసినది, మీరు వెతికేది కాదు. గొట్టం చివర లోపలి అంచు కూడా చూడండి: నిపుల్ ఉబ్బు అచ్చు గుండ్రంగా పడి ఉంటుంది. ఆ అచ్చు ఏ నిపుల్‌కి సరిపోతే అదే దాని ఇల్లు. బానెట్ కింద వ్యాక్యూమ్ గొట్టాల పటం ఉన్న స్టిక్కరు మిగిలుంటే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

ఫ్లాప్_మీటర్
1.6లో ఇంజిన్‌లోకి పోయే గాలిని ఫ్లాప్ మీటరు (గాలి తోస్తే కదిలే రెక్క) కొలుస్తుంది. దాన్ని దాటాక దొంగదారిన వచ్చే గాలి లెక్కలోకి రాదు, మిశ్రమం పలచబడి ఐడిలింగ్ ఊగుతుంది. ఒక చిన్న పరీక్ష: ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీయండి. మంచి ఇంజిను అయితే వెంటనే తడబడుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఏ తేడా లేకపోతే ఇప్పటికే ఎక్కడో పెద్ద లీకు ఉన్నట్టు. 1991 బండికి ఓబీడీ-2 (స్కానర్ తగిలించే ప్రామాణిక వ్యవస్థ) లేదు, స్కానర్‌తో పని జరగదు. వ్యాక్యూమ్ గేజే శరణ్యం. ఆరోగ్యంగా ఉంటే ఐడిలింగ్‌లో 18-20 అంగుళాల (పాదరసం) దగ్గర నిలకడగా నిలుస్తుంది.

లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు మానండి, వేడి ఎగ్జాస్టు పక్కనే ఉంటుంది. సన్నగా నీళ్లు పిచికారీ చేసినా ఇంజిన్ శబ్దం మారి చోటు చెబుతుంది.

చక్రి_91
మానిఫోల్డ్ వెనక శుభ్రంగా మెరిసే నిపుల్ దొరికింది, వేలు పెడితే గట్టిగా పట్టుకుంటోంది. వేలుతో మూసినంతసేపూ ఐడిలింగ్ కుదురుగా ఉంది! గొట్టం రెండో చివర పర్జ్ సాలినాయిడ్‌కి (క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే కరెంటు వాల్వు) పోతోంది.

నల్లగొట్టం
అయితే అది ఛార్‌కోల్ క్యానిస్టర్ లైను. పొడి పెట్రోలు వాసన అందుకే. తడి పెట్రోలు కారి ఉంటే ముందు పెట్రోలు ప్రెజర్ రెగ్యులేటర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగిందా అని చూడాల్సి వచ్చేది.

గట్టిపడిన చివర ఒక సెంటీమీటరు కోసి తిరిగి ఎక్కించండి. లాగి ఎక్కించాల్సినంత పొట్టైపోతే కొత్తది వేయండి, పెట్రోలు ఆవిరి తట్టుకునే రకమే. మామూలు వ్యాక్యూమ్ గొట్టం ఈ లైనులో ఉబ్బి మెత్తబడుతుంది.

స్పానర్12
బిగించే ముందు సాలినాయిడ్ కూడా చూసేయండి. ప్లగ్ పీకి, హ్యాండ్ పంపుతో పీల్చండి. కరెంటు లేనప్పుడు గాలి పోకూడదు. పోతోందంటే తెరుచుకుని ఇరుక్కుపోయింది. అప్పుడు గొట్టం ఎంత గట్టిగా బిగించినా ఐడిలింగ్ ఊగుతూనే ఉంటుంది. నోటితో మాత్రం ఊదొద్దు.