రేడియో ఎక్కాక డబ్‌స్టెప్ బతికిందా, చెడిందా?

నేలమాళిగ (క్రాయిడన్)
2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో వ్యాఖ్యాత మేరీ ఆన్ హాబ్స్ రెండు గంటల పాటు మాలా, స్క్రీమ్, కోడ్9, హాచా, లోఫా తదితర డీజేలను వరుసగా వినిపించిన కార్యక్రమంతోనే డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం పుట్టిందన్నట్టు మొన్న ఇక్కడ ఒక సభ్యుడు రాశారు. అది పొరపాటు. ఈ సంగీతం లండన్ దక్షిణపు కొసన ఉన్న క్రాయిడన్‌లో, సర్రే వీధిలోని బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణంలో రూపు దిద్దుకుంది. హాచా అక్కడ పనిచేసేవారు, స్క్రీమ్ బడి వయసులోనే అక్కడ చేరారు. 2001లో మొదలైన ఫార్వర్డ్ అనే క్లబ్బు రాత్రులు, 1994 నుంచి లైసెన్సు లేకుండా నడిచిన రిన్స్ ఎఫ్ఎం దానిని పెంచి పోషించాయి. ఆ రేడియో కోసం పెద్ద పెద్ద భవనాల పైకప్పుల మీద దొంగచాటుగా యాంటెనాలు బిగించేవారు. దాని స్థాపకుల్లో ఒకరైన స్లిమ్‌జీని ఎత్తైన భవనాల పైకప్పులు ఎక్కకూడదని 2005లో కోర్టు కట్టడి చేసింది. వారు అంత కష్టపడి వండితే, రేడియో 1 విన్నాక వచ్చినవారు వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నారు. వారిని గాలివాటం అభిమానులు అనడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

కృష్ణలంక శ్రోత
నేలమాళిగ గారూ, పుట్టుక గురించి మీరు రాసినదానితో నాకు పేచీ లేదు, నా పేచీ అంతా మీ చివరి వాక్యంతోనే. 2006లో నేను విజయవాడలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ కార్యక్రమం రికార్డింగు ఎవరో ఇంటర్నెట్‌లో పెడితే, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటరులో రెండు సాయంత్రాలు కూర్చుని దించుకున్నాను. అక్కడి చిన్న స్పీకర్లలో దరువు తప్ప మరేమీ వినిపించలేదు. తరువాత మా మేనమామ ఇంట్లో పెద్ద వూఫరున్న హోమ్ థియేటరులో పెడితే, షోకేసులోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడడం మొదలుపెట్టాయి. మా అత్తయ్య కంగారుగా వంటగదిలోంచి వచ్చి మెయిన్ స్విచ్చు ఆపేసింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు నేను ఈ సంగీతాన్ని విడిచిపెట్టలేదు. నన్ను ఏ గాలి ఇటు తెచ్చిందో చెప్పండి.

పాత క్యాసెట్
ఆ కార్యక్రమం ప్రసారమైంది రాత్రి బాగా పొద్దుపోయిన తరువాత. అందరూ మేలుకుని వినే వేళ కానిదాన్ని పట్టుకుని ఇంత చర్చ అవసరమా అని నా సందేహం.

నేలమాళిగ (క్రాయిడన్)
నేను ఆ రెండు గంటలను తప్పుపట్టడం లేదు, అవి తెరిచిన దారిని తప్పుపడుతున్నాను. డబ్‌స్టెప్ అంటే నిమిషానికి సుమారు 140 బీట్లు, మూడో బీటు మీద పడే ఒక్క దెబ్బ, చుట్టూ విశాలమైన ఖాళీ, ఆ ఖాళీ కింద చెవికంటే ముందు పొట్టకు తెలిసే సబ్‌బేస్, అంటే అతి లోతైన మంద్ర శబ్దం. కారు రేడియోలోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఆ సబ్‌బేస్ పలకదు. అందువల్ల పగటిపూట రేడియోలో నిలవాలంటే బేస్‌ను మధ్యస్థాయికి లేపి గరగరలాడించాలి, ఖాళీలన్నీ పూడ్చేయాలి. 2010లో స్క్రీమ్, బెంగా, ఆర్ట్‌వర్క్ కలిసి మాగ్నెటిక్ మ్యాన్ పేరుతో బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లారు. 2012లో స్క్రిల్లెక్స్ 3 గ్రామీలు అందుకున్నారు. చివరకు మన సినిమాల పోరాట సన్నివేశాల్లో కూడా ఆ గరగరే వినిపించింది. ఇప్పుడు ఎవరికైనా డబ్‌స్టెప్ అంటే గుర్తుకొచ్చేది అదే.

కృష్ణలంక శ్రోత
గరగర రేడియో నుంచి వచ్చిందనడం చారిత్రకంగా నిలవదు. దక్షిణ లండన్‌లోని బ్రిక్స్టన్‌లో డీఎంజెడ్ అనే డబ్‌స్టెప్ క్లబ్బు రాత్రులు నడిపినవారిలో ఒకరైన కోకి, 2007లో తమ సొంత రికార్డు లేబుల్ మీదే ఆ గరగరతో 'స్పాంజ్‌బాబ్' అనే పాట విడుదల చేశారు. ఆ శబ్దం మీరు పవిత్రంగా భావించే గదిలోనే పుట్టింది. ఇక తేదీల విషయానికి వద్దాం. 2006 మార్చిలో, అంటే ఆ ప్రసారం తరువాత రెండు నెలలకు, డీఎంజెడ్ మొదటి వార్షికోత్సవానికి జనం బారులు తీరితే, చిన్న హాలు చాలక, ఆ రాత్రికి రాత్రే, ఆ హాలున్న చర్చి భవనంలోనే ఉన్న పెద్ద హాలుకు మార్చారు. ఆ వరుసలో నిలబడినవారందరూ మీ లెక్కలో గాలివాటమేనా? మీరు మొదటిసారి ఇలాంటి రాత్రికి ఎప్పుడు వెళ్లారో దయచేసి చెప్పండి.

నేలమాళిగ (క్రాయిడన్)
2005 నవంబరులో ఫార్వర్డ్‌కు వెళ్లాను. ఎంఎస్సీ చదవడానికి ఆ సెప్టెంబరులోనే లండన్ వచ్చాను. అది జనవరికి ముందే కదా.

కృష్ణలంక శ్రోత
కేవలం రెండు నెలల ముందు. అప్పటికి ఫార్వర్డ్ మొదలై నాలుగేళ్లయింది. బిగ్ ఆపిల్ 2004లోనే మూతపడింది కాబట్టి మీరు ఆ దుకాణం గడప కూడా తొక్కలేదు. 2001 నుంచి ఉన్నవారు మీ కొలబద్దతోనే మిమ్మల్ని కొలిస్తే మీరు ఏ వరుసలో నిలబడతారు?

సాహితి (హైదరాబాద్)
ఎవరు ముందొచ్చారన్న తగవుతో అసలు ప్రశ్న పక్కకు పోయింది.

నేలమాళిగ (క్రాయిడన్)
ఆ దుకాణం గడప తొక్కలేదన్న మాట నిజం, దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ నాకు తేదీలు చెప్పే ముందు ఇది వినండి. 2007 నుంచి నేను, ఇద్దరు మిత్రులు దక్షిణ లండన్‌లో ఒక పబ్బు నేలమాళిగను నెలకొక శుక్రవారం అద్దెకు తీసుకుని ఈ సంగీతం వినిపించేవాళ్లం. అరవై దాటిన జమైకా పెద్దాయన ఒకరు తన చేతులతో చేసుకున్న సౌండ్ సిస్టమ్‌ను వ్యానులో తెచ్చి, ఒక్కొక్క పెట్టె మెట్ల మీదుగా దింపి, గోడకు వీపు ఆనించి వినమని అందరికీ చెప్పేవారు. యాభై మంది వస్తే ఆ రోజు మాకు పండుగ. పగటిపూట రేడియోలో ఈ పాటలు మొదలైన ఏడాది, ఒక శుక్రవారం మేము వెళ్లేసరికి తాళం మార్చి ఉంది. ఎక్కువ డబ్బు ఇచ్చే టికెట్ల వ్యాపారికి మా రాత్రిని ఇచ్చేశానని యజమాని చెప్పాడు. పెద్దాయన వ్యానులోంచి దిగకుండానే వెనక్కి వెళ్లిపోయారు. వారం తరువాత నేను టికెట్టు కొనుక్కుని అదే గదికి వెళ్లాను. గది కిక్కిరిసి ఉంది, కానీ ఉన్న రెండు స్పీకర్లలోనూ సబ్‌బేస్ లేదు, లేదన్న సంగతి ఒక్కరూ గమనించలేదు. గాలివాటం అన్న మాట నా నోట ఆ రాత్రి పుట్టింది.

పాత క్యాసెట్
ఈ సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉంటే మేము ఇంత దూరం కొట్టుకునేవాళ్లం కాదు.

కృష్ణలంక శ్రోత
ఆ పెద్దాయన విషయంలో నేను పూర్తిగా మీ పక్షాన ఉన్నాను. ఆయనకు జరిగింది అన్యాయం. కానీ ఆ తాళం మార్చింది యజమాని, ఆ రాత్రిని కొన్నది వ్యాపారి. ఆ కోపాన్ని తెచ్చి 2006లో నెట్ సెంటరులో కూర్చున్న కుర్రాడి మీద ఎందుకు పెడుతున్నారు? మీకు ఒక గది ఉండేది, అది పోయింది. విజయవాడలో మాకు ఆ గదే లేదు. గదిలో ఉన్నవారికే సంగీతం చెందుతుందంటే, మాకు ఎప్పటికీ వినే అర్హత లేదని మీరు చెబుతున్నట్టే.

నేలమాళిగ (క్రాయిడన్)
వినేవారి విషయంలో గాలివాటం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వ్యాపారి విషయంలో తీసుకోను. అయితే ఈ సంగీతం గదికే చెందుతుందని నేను ఇప్పటికీ అంటాను, అందుకు సాక్ష్యం మీరే ఇచ్చారు. నెట్ సెంటరులో మీకు దరువు తప్ప ఏమీ వినిపించలేదు. మీ మేనమామ ఇంట్లో గ్లాసులు కదిలినప్పుడే మీరు దాన్ని మొదటిసారి విన్నారు. ఆ రోజు మీకు దొరికింది గదే.

కృష్ణలంక శ్రోత
ఒప్పుకుంటాను. కానీ ఆ షోకేసు దాకా నా పెన్‌డ్రైవులో మోసుకెళ్లింది మాత్రం రేడియో 1 ప్రసారాన్నే.