ఫిలేమోను 6వ వచనంలో "పాలివారగుట" అంటే?

ప్రశ్న (పాలకొల్లు నుంచి):
అందరికీ వందనాలు. సండే స్కూల్లో ఫిలేమోను పత్రిక (బైబిల్లో పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి రాసిన ఉత్తరం) చెబుతున్నాను. 6వ వచనంలో "నీవు అనుభవపూర్వకముగా ఎరుగుటవలన ఇతరులు నీ విశ్వాసమందు పాలివారగుట కార్యకారి కావలయునని" అని ఉంది కదా. చదివించగానే ఒక పాప లేచి "పాలివారంటే పాలు పోసేవాళ్లా టీచర్?" అని అడిగింది. వాటా ఉన్నవాళ్లమ్మా అని చెప్పాను గానీ, విశ్వాసంలో వాటా ఏమిటో నాకే సరిగా అందలేదు. ఇంగ్లీషు బైబిల్లో ఇది సువార్త చెప్పడం గురించిన వచనంలాగా ఉంది. రెండూ ఒకటేనా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (కోనసీమ నుంచి):
వందనాలండి. నాకు చాలా ఇష్టమైన పత్రిక ఇది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు మాట సంగతి. పాలు అంటే వాటా అన్న అర్థం మన నోట్లో ఇంకా బతికే ఉంది. పంట గోదారిపాలైంది అంటాం, పరువు నవ్వులపాలైంది అంటాం, ఆపదలో ఆదుకున్నవాణ్ణి నా పాలిట దేవుడు అంటాం. ఇక పాలివాళ్లు, మన పల్లెల్లో అయితే పాలోళ్లు, అంటే ఎవరో మీకు తెలుసు. ఒక తాత ఆస్తిలో హక్కున్నవాళ్లు, ఒకరింట్లో చావు జరిగితే మైల పట్టేవాళ్లు. కాబట్టి "ఇతరులు నీ విశ్వాసమందు పాలివారగుట" అన్నప్పుడు తెలుగు చెవికి వినిపించేది మాట చెప్పి వెళ్లిపోవడం కాదు. అవతలి మనిషి నీ ఇంటివాడవడం, నీకు ఎంత హక్కుందో అతనికీ అంత ఉండడం.

ఇంగ్లీషు గురించి అడిగారు. ఎన్‌ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) అనే ఇంగ్లీషు బైబిలు 1984 ముద్రణలో ఈ వచనం విశ్వాసాన్ని చురుగ్గా పంచుకోవడం అన్నట్టుగానే ఉంది. 2011 ముద్రణకి వచ్చేసరికి, విశ్వాసంలో మాతో నీకున్న భాగస్వామ్యం అన్న అర్థానికి మార్చారు. గ్రీకులో ఉన్నది కొయినోనియా. అది పంచి ఇవ్వడానికీ వాడతారు, కలిసి ఉండడానికీ వాడతారు. అందుకే పండితులు ఈ ఒక్క వచనం మీద ఇంతకాలంగా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు మన పాత తెలుగు బైబిలే రెండు అర్థాల్నీ ఒక్క మాటలో పట్టుకుందనిపిస్తుంది.

అదే పత్రికలో 17వ వచనం చూడండి: "నీవు నన్ను నీతో పాలివానిగా ఎంచినయెడల నన్ను చేర్చుకొన్నట్టు అతనిని చేర్చుకొనుము." గ్రీకులో ఇదీ ఆ కుదురులోని మాటే. ఇక్కడ "అతడు" ఒనేసిము. ఫిలేమోను ఇంటి దాసుడు. యజమానికి దూరమై పౌలు దగ్గర చేరాడు, అక్కడ విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు వెనక్కి వస్తున్నాడు. పౌలు ఏమంటున్నాడంటే, ఇతను ఇక దాసుడు కాదు, ప్రియ సహోదరుడు. అంటే 6వ వచనంలో చేసిన ప్రార్థన 17లో ఫిలేమోను గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. ఇతరులు నీ విశ్వాసంలో పాలివారు కావాలని నీకోసం ప్రార్థించాను, ఇదిగో మొదటివాడు, నీ ఇంటివాడే, తలుపు తీస్తావా?

మన డెల్టాలో ఈ మాట ఇంకా గట్టిగా తగలాలి. పాలేరుని పాలివాడుగా లెక్కపెట్టడం ఎంత కష్టమో పొలాలున్న ఊళ్లవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, బయటికొచ్చాక కులం లెక్కలు చూసుకునే సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. నాకు బాధ కలిగించేది అదే. అక్కడ స్టేజీ ఎక్కి ఎంత సువార్త చెప్పినా 6వ వచనం జరిగినట్టు కాదని నా గట్టి నమ్మకం.

వ్యాఖ్య (భీమవరం నుంచి):
మంచి వివరణ అండి. కానీ ఒక సందేహం. పాలివాళ్లంటే మా వైపు ముందు గుర్తొచ్చేది గట్టు తగాదాలు, కోర్టు కేసులు. సంఘానికి ఆ మాట ఎందుకు? భాగస్వాములు అంటే సరిపోదా?

జవాబు (కోనసీమ నుంచి):
మీరన్నది నిజమే. అయితే గట్టు తగాదా ఎవరితో వస్తుంది? హక్కున్నవాడితోనే వస్తుంది. ఫిలేమోనుకి కూడా ఒనేసిము మీద మనసులో ఏదో ఉండే ఉంటుంది, అందుకే కదా పౌలు ఇంత బతిమాలి రాశాడు. భాగస్వామి వ్యాపారంలో చేరతాడు, కుదరకపోతే లెక్క చూసుకుని విడిపోతాడు. పాలివాడు పుట్టుకతో వస్తాడు. రోమా 8:17లో "మనము పిల్లలమైతే వారసులము" అన్నది కూడా పుట్టుక లెక్కే.

ఇంకో సంగతి. ఆస్తికి పాలివాడైనవాడు అప్పుకీ పాలివాడే. వెంటనే 18వ వచనం చదవండి. అతను నీకేమైనా బాకీ ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అంటాడు పౌలు. వాటా తీసుకోవడం ఒక్కటే కాదు, బాకీ నెత్తిన వేసుకోవడం కూడా. నాకు ఇందులో క్రీస్తు సిలువే కనిపిస్తుంది.

మా గృహ కూడికకి ఒకావిడ వస్తారు. రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పని. సాక్ష్యం (దేవుడు తనకి చేసిన మేలు) చెప్పమంటే లేచి నిలబడి చీర కొంగు సర్దుకుంటారు, రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. ఐస్‌లో నాని వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. పక్కింట్లో ఉండే ఒకామె భర్తకి ఆపరేషన్ అయితే, కూతురి పెళ్లికని వేసుకున్న చీటీ ముందే పాడి ఆ డబ్బు ఇచ్చేశారు. ఆ పక్కింటావిడ కొన్నాళ్లకి కూడికకి వచ్చి అడిగిన మొదటి మాట, "ఈవిడ నాకెందుకిచ్చిందండీ?" 1 పేతురు 3:15లో "హేతువు అడుగు ప్రతివానికిని" అన్నారు చూడండి, అలా అడిగారు. అప్పుడు చెప్పడం మాకు చాలా తేలికైంది.

మన ప్రాంతపు చరిత్రలోనూ ఇదే జరిగింది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేశాయి. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) ఇంకా మొదలవని రోజులు. వాళ్ల త్యాగం చిన్నది కాదు. అయినా గూడెం నుంచి గూడేనికి సువార్త మాటని మోసింది మాత్రం మేనమామలు, వియ్యపురాళ్లు, పెళ్లికో పంటకోతకో పక్క ఊరెళ్లినవాళ్లు.

ప్రశ్న (పాలకొల్లు నుంచి):
ఇప్పుడు అర్థమైందండి. ఇంకొక్కటి. "అనుభవపూర్వకముగా ఎరుగుటవలన" అన్నారు కదా. అంటే ముందు నేను బాగా ఎదిగాకే ఇతరులకి చెప్పాలా? మా యూత్‌లో చాలామంది "మాకింకా అంత లేదు" అని టెన్షన్ పడి వెనక్కి తగ్గుతారు.

జవాబు (కోనసీమ నుంచి):
తగ్గనివ్వకండి. హెబ్రీ 5:12 వాళ్లతో చదివించండి: "కాలమునుబట్టి చూచితే మీరు బోధకులుగా ఉండవలసినవారై యుండగా." ఇన్నేళ్లైనా ఇంకా పాలే తాగుతున్నారేం అని అక్కడ మందలింపు. (ఈ పాలు మాత్రం మీ పాప అన్న పాలే.) 14వ వచనంలో వయస్సు వచ్చినవారి గురించి చెబుతూ "అభ్యాసముచేత" అన్నారు. అభ్యాసం అంటే చేస్తూ పోవడమే కదండీ. తెలిసినంత చెబుతాం, వాళ్లు అడిగినదానికి జవాబు రాక ఇంటికొచ్చి బైబిలు తెరుస్తాం, మోకాళ్లూనుతాం. అలాగే ఎదుగుతాం. పౌలంతటివాడు 1 కొరింథీ 9:23లో "సువార్తలో వారితో పాలివాడనగుటకై" అన్నాడు. తన దగ్గరున్నది వాళ్లకిచ్చానని అనలేదు, వాళ్లతో పాటు తనకీ వాటా దక్కాలన్నాడు. యూత్‌కి నేను ముందు చూపించేది ఈ వచనమే.

పిల్లలకైతే పత్రికలో ఉన్నవి 25 వచనాలే, ఒక ఆదివారంలో అయిపోతుంది. 10 నుంచి 18 వరకు ముందు కథగా చెప్పండి, ఒనేసిము తలుపు దగ్గర నిలబడేదాకా. తర్వాత 6వ వచనం చదివించి, పాలివారంటే ఎవరని ఆ పాపనే అడగండి.