చెన్నై తేమకు బేస్ గిటార్ మెడ వంగుతోంది, ఏం చేయాలి?

బేస్ వాయించే అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను చెన్నై వేళచ్చేరిలో ఉంటాను. నాది ఐదు తీగల బేస్. వానలు మొదలయ్యాక మెడ ముందుకు వంగి, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగలు బాగా పైకి లేచాయి. గాలిలో తేమ వల్లే అనుకుంటున్నాను.

మెడ లోపల ఉండే లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ను సవ్యదిశలో కొద్దికొద్దిగా బిగిస్తే మెడ నిటారవుతుందని తెలుసు. కానీ అది ఇప్పటికే గట్టిగా ఉంది, ఇంకా తిప్పితే విరుగుతుందేమోనని టెన్షన్. తీగలు వదులు చేసి తిప్పాలా? సన్నని తీగలు వేస్తే లాగుడు తగ్గుతుంది, నిజమే. అయితే 31 హెర్ట్జ్ దగ్గర మోగే అన్నిటికంటే లావైన ‘లో బి’ (low B) తీగ సన్నబడితే ఆ నిండుదనం పోతుంది, అది నాకు ప్రాణం.

సంక్రాంతికి మా బ్యాండ్ ప్రోగ్రాం ఉంది. ఇక్కడ ఓపికగా చూసే రిపేరు మనిషి ఎవరైనా తెలుసా? సముద్రం దగ్గర ఉండేవాళ్లు కేసులో సిలికా జెల్ పెడుతున్నారా?