సమస్య: కొరడ కట్టె తాళి కోమలికిని

నిర్వాహకుడు:
రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఈ పాదం తట్టింది. నేపథ్యం దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలు. మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో ఓడ డర్బన్ చేరిన 1860 నవంబరు 16 మొదలు, గిరిమిట్ల, అంటే ఒప్పంద కూలీల, పంపకం ఆగిన 1911 దాకా ఏ ఏడైనా సరే. పగవాళ్ళు ప్రేమికులు కావాలి. ఇది చివరి పాదం, ముందు మూడూ మీరు పూరించండి.

పాతపద్యం:
"కొరడా"ను "కొరడ" చేశారు. మీరు చేస్తే సౌలభ్యం, మేం చేస్తే దోషం. సరే, నా పూరణ (సర్దారంటే కూలీల మీద మేస్త్రీ):

పగను మరచి పిదప పరిణయమాడిన
ప్రియుని తలచి నవ్వె ప్రేమతోడ
చెరకు తోటలోన సర్దారు చేతిలో
కొరడ కట్టె తాళి కోమలికిని

గోస్తనీతీరం:
మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం, జారింది పాతపద్యం గారూ. "చె"కి "స" కుదరదు. హల్లులు కలిసినా అచ్చులు కలవలేదు. "సాగు తోటలోన" అంటే సరిపోతుంది.

పాతపద్యం:
సాగు అంటే వరి కూడా అవుతుంది. చెరకు పోతే నేటాల్ పోయినట్టే. అయినా వెనకటి మారిషస్ సమస్య పూరణలో ట్రూరో ఓడను అక్కడికి పంపిన వారు నాకు యతి చెప్పాలా? మారిషస్‌కు 1834లో వెళ్ళింది అట్లాస్. అప్పుడే చెప్పాను, ఇప్పటికీ దిద్దలేదు.

గోస్తనీతీరం:
ఆ తప్పు నాదే, ఒప్పుకున్నాను కూడా. ఓడ పేరు తప్పినా యతి తప్పలేదు. ఇది నా పూరణ:

కొట్టు నట్టి చేత కుంకుమ దిద్దెదో
యనుచు నామె నిలిచి యడిగినంత
సిగ్గుతోడ వాడు చెరకులో పడవైచి
కొరడ, కట్టె తాళి కోమలికిని

మల్లెపందిరి:
అబ్బ! "కొరడ" తర్వాత కామా ఒక్కటి పెట్టి మొత్తం అర్థమే తిప్పేశారు. తాళి కట్టింది కొరడా కాదు, దాన్ని పారేసినవాడు. పైగా గట్టు మీద కాదు, చెరకులో పారేశాడు. మా పొలంలో కొడవలి ఒకసారి ఏపుగా పెరిగిన చెరకులో పడింది. ఆకు అంచులు రంపంలా కోసి, మోచేతుల దాకా గీరుకుపోయాయి గానీ కొడవలి మాత్రం దొరకలేదు. వాడు మనసు మార్చుకుని వెతుక్కున్నా ఆ కొరడా దొరకదు. ఆ "లో" అనే విభక్తికే నా ఓటు.

పాతపద్యం:
విరుపు బాగుంది, కాదనను. కానీ ఒక్క ప్రశ్నకే అంత సిగ్గుపడే సర్దారా? పగ ఎక్కడ చూపించారు? ఒక్క పాదంలో కరిగిపోతే అది పగ కాదు.

వెన్నెలకాపు:
ఆ మాట నిజమే. పగకు కాలం కావాలి. అందుకే నేను ఏళ్ళు లెక్కపెట్టాను:

మొదటి యేట, పిదప మూడవ యేటను,
తుదకు నైదవేట దొరకె వరుస
చెరకు తోటలోన జీతంబుతో పాటు
కొరడ, కట్టె, తాళి కోమలికిని

నిర్వాహకుడు:
"కట్టె"ను క్రియ నుంచి నామవాచకం చేసేశారు! పాదం ఇచ్చిన నాకే ఈ దారి తోచలేదు. ఏళ్ళ వరుసకు వస్తువుల వరుస జోడించిన క్రమాలంకారం చక్కగా అమరింది.

పాతపద్యం:
"మూడవ యేట" అని విడదీసి, వెంటనే "ఐదవేట" అని కలిపారు. ఒకే పద్యంలో రెండు పద్ధతులా? తాళి పక్కన కట్టె మాట అమంగళం కూడా.

మల్లెపందిరి:
సంధి సంగతి మీరు చూసుకోండి. నన్ను కలవరపెట్టింది అంకె. గిరిమిట్ అయిదేళ్ళు. అయిదో ఏట అంటే ఆమె ఇంకా ఒప్పందంలోనే ఉంది. చీటీ లేకుండా తోట దాటలేదు. మగవాడికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆమెకు అందులో సగం. పనికి లెక్క చెప్పేవాడే వచ్చి తాళి కడతానంటే ఆమె కాదనగలదా? కాదనే వీలు లేనిచోట అవును అన్నా దాన్ని ప్రేమ అనుకోలేను. ఓడల్లో వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నియమం పెట్టిన రోజులవి. ఎవరి కన్ను ఎవరి మీద పడేదో చెప్పక్కర్లేదు.

వెన్నెలకాపు:
అయిదో ఏడంటే విడుదల అనుకున్నాను. మీరు చెప్పాక ఉలిక్కిపడ్డాను.

గోస్తనీతీరం:
"తుదకు నారవేట" అనండి. గణం చెదరదు, యతి చెదరదు. ఒక్క మాట మారితే ఆమెకు స్వేచ్ఛ వస్తుంది.

పాతపద్యం:
ఇది మంచి సవరణ. గోస్తనీతీరం గారిని నేను మెచ్చుకోవడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి, నిర్వాహకులు గుర్తుపెట్టుకోండి. కానీ ఆరో ఏటితో కథ తీరదు. 1895 చట్టం తర్వాత వచ్చినవాళ్ళయితే, గిరిమిట్ ముగిశాక అక్కడే ఉండిపోవడానికి మనిషికి ఏటా 3 పౌండ్లు కట్టాలి. మొగుడూ పెళ్ళాలకు 6 పౌండ్లు, అంటే 120 షిల్లింగులు. మొదటి ఏటి లెక్కన మగవాడి ఏడాది జీతమంతా అదే. కాపురం పెట్టిన రోజు నుంచే అప్పు.

మల్లెపందిరి:
తాళి సంగతి కూడా చూడండి. 1913 మార్చి 14న కేప్ కోర్టు తీర్పుతో క్రైస్తవేతర పెళ్ళిళ్ళ చెల్లుబాటే ప్రశ్నార్థకమైంది. అందుకే ఆ ఏడాది ఆడవాళ్ళు సత్యాగ్రహంలోకి వచ్చారు, కస్తూర్బా జైలుకు వెళ్ళింది. 1914లో గానీ ఆ పన్నూ పోలేదు, పెళ్ళిళ్ళకూ గుర్తింపు రాలేదు. మన కోమలి కొరడా దెబ్బలు తిని, ఆరేళ్ళు ఆగి కట్టించుకున్న తాళి అది.

పాతపద్యం:
దీని మీద ఇంకో సమస్య ఇవ్వండి నిర్వాహకులూ. ఈసారి "చెరకు"కు యతి నేను ముందే చూసుకుంటాను.

వెన్నెలకాపు:
రెండో పాదం మార్చాను: తుదకు నారవేట దొరకె వరుస. కట్టె మాత్రం తీయను, ఆమె దెబ్బలు తిన్నది దానితోనే. మూడో పాదంలో "జీతంబుతో పాటు" ఇక పొసగదు, ఆరో ఏట ఆమె ఆ ఒప్పందపు కూలి కాదు కదా. అక్కడ ఆమె నోట ఒక మాట పెట్టాలని ఉంది. రేపు మార్చి పెడతాను.