‘అరవై గడపల ఊరు’ అంటే ఎంత ఊరు?

మాది నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మొన్న అక్కను చూడటానికి నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన "మీది ఎంత ఊరు?" అని అడిగితే మా తాత "అరవై గడపలు" అన్నాడు. జనం ఎందరో ఈయన చెప్పలేదు, ఆయనా అడగలేదు, ఇద్దరికీ సరిపోయింది. నాకే సరిపోలేదు.

మరాఠీలోనూ అచ్చం ఇదే మాట: "సాఠ్ ఉంబర్యాంచం గావ్". ఉంబరా అంటే గడపే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న గొడవ దయచేసి ఇక్కడ వద్దు.

నా తిప్పలు వేరే. మా ఇంట్లో పెదనాన్న, బాపు, చిన్నాయన ఉంటారు. గడప ఒకటే, పొయ్యిలు మూడు. తాత లెక్కలో మేం ఒకటి. జనాభా లెక్కలవాళ్లకు మాత్రం కుటుంబమంటే కలిసి ఉండి ఒకే వంట తినేవాళ్లు, చుట్టరికం కూడా అక్కర్లేదు, కాబట్టి మేం మూడు. ఇల్లు అంటే మళ్లీ వేరే, విడిగా తలుపు ఉందా లేదా అని చూస్తారు. అంటే వాళ్లు ఇల్లు, కుటుంబం అని రాసుకునేదే మనం గడప, పొయ్యి అంటున్నామన్నమాట. మరాఠీవాళ్లు వేరుపడటాన్ని "వేగళీ చూల్ మాండణే" అంటారు, వేరే పొయ్యి పెట్టుకోవడం. మరి గడప ఒకటే ఉండి పొయ్యిలు ఇన్ని ఉంటే, ఆ ఇంటిని తెలుగులో ఏమంటారు?

కింద వచ్చిన కామెంట్లు:

— తమ్ముడూ, మా వైపు గడప కాదు, కడప. "కడప మీద కూర్చోకు" అని రోజూ తిట్లు తినేవాళ్లం. కడప ఊరి పేరు కూడా తిరుమలకు గడప కాబట్టే వచ్చిందంటారు.

— ఇప్పుడు గడపలు అడిగేదెవరన్నా, ఎన్ని ఓట్లు అనేగా అడుగుతారు!

— సున్నా గడపల ఊరికీ ఒక మాట ఉంది: బేచిరాగ్. ఫారసీలో బే అంటే లేని, చిరాగ్ అంటే దీపం. జనం లేచిపోయినా ఊరికి పేరు, పొలిమేర, సర్వే నంబర్లు దఫ్తరులో అలాగే ఉంటాయి, జనాభా దగ్గర మాత్రం సున్నా. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది కదా, అందుకే మీ దగ్గరా, మా తెలంగాణలోనూ రెవెన్యూ వాళ్ల నోట ఇదే మాట. "ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు" అని మన ఆడవాళ్లు అనేదీ అదే కదూ.

పై అన్నకు: ఈ మాట వింటే కొంచెం గుబులేసింది. మా అరవైలో చాలా గడపలకు ఇప్పుడు తాళాలే, హైదరాబాద్, పుణె పోయారు. 2011 తర్వాత జనాభా లెక్క 2021లో జరగాల్సింది, అది కరోనాతో ఆగి 2027కి పోయింది. ఆ లెక్కలో తాళం వేసిన ఇల్లు ఇల్లుగా లెక్కకొస్తుంది, అందులో కుటుంబం మాత్రం ఉండదు. తాతను అడిగాను, వాటినీ కలిపే అరవై అన్నావా అని. "కలపకపోతే ఎట్లా, దసరాకు మీ అమ్మ పక్కింటి గడపకు కూడా పసుపు రాస్తది గదా" అన్నాడు. నిజమే, రాస్తుంది. తాళం వాళ్లది, పసుపు మాది.

సరే, అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఒకే గడప, రెండు మూడు పొయ్యిలున్న ఇంటిని మీ వైపు ఏమంటారు?